పాత కారులో పవర్ స్టీరింగ్ పంప్ మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పేదంతా ఇంజిన్ బెల్టుతో తిరిగే హైడ్రాలిక్ పంప్ ఉన్న పాత కార్ల గురించే. ముందుగా ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పంప్ విప్పి ఇంకోటి బిగించడం ఈ పనిలో సగమే. పాత ఆయిల్‌ని పూర్తిగా కడిగేయడం, తర్వాత ఆయిల్‌లో చేరిన గాలి తీయడం మిగతా సగం. కొత్త పంపులు కొద్దిరోజులకే మొరాయించడానికి ఎక్కువగా ఈ రెండో సగం వదిలేయడమే కారణం, అందుకే కింద ఆ జవాబులు కాస్త పొడుగ్గా ఉంటాయి.

నా కారులో ఉన్నది హైడ్రాలిక్ స్టీరింగేనా? ఎలా తెలుస్తుంది?

బానెట్ ఎత్తి చూడండి. స్టీరింగ్ చక్రం బొమ్మ ఉన్న మూతతో ఒక చిన్న ఆయిల్ డబ్బా, బెల్టుకి తగిలి తిరిగే పంప్, దాని నుంచి కిందికి వెళ్ళే ఒక లావుపాటి పైపు, ఒక గట్టి ఇనప గొట్టం కనిపిస్తే హైడ్రాలిక్కే. డబ్బా ఉంది గానీ పంప్ బెల్టుకి లేదు, దానికి లావు కరెంటు వైర్లు వెళ్తున్నాయి అంటే అది మోటారుతో నడిచే హైడ్రాలిక్ పంప్, దాని పని తీరు వేరు, ఈ పేజీ దానికి పూర్తిగా సరిపోదు. డబ్బానే లేకపోతే సాధారణంగా అది పూర్తి ఎలక్ట్రిక్ స్టీరింగో, పవర్ లేని మామూలు స్టీరింగో, అందులో మార్చడానికి ఈ పంపే ఉండదు.

ఈ పంప్ అసలు ఏం చేస్తుంది?

ఆయిల్‌ని ఒత్తిడితో, ముందు చక్రాలని పక్కకి తిప్పే స్టీరింగ్ రాక్‌కి పంపుతుంది. లోపల ఒక రోటర్, దాని గాడుల్లో కదిలే సన్నని పలకలు ఉంటాయి. రోటర్ తిరుగుతుంటే పలకలు బయటికి జరిగి చుట్టూ ఉన్న రింగుని రాసుకుంటూ ఆయిల్‌ని ఒకవైపు నుంచి పీల్చి ఇంకోవైపు నెడతాయి. స్టీరింగ్ నిటారుగా ఉన్నప్పుడు ఆయిల్ దాదాపు ఊరికే తిరిగి వచ్చేస్తుంది. మీరు తిప్పగానే రాక్‌లోని వాల్వ్ దాన్ని ఒకవైపుకి మళ్ళిస్తుంది, అప్పుడు ఒత్తిడి లేస్తుంది. ఫుల్ లాక్ దగ్గర, అంటే స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు, చాలా కార్లలో ఇది 70 నుంచి 100 బార్ల దాకా వెళ్తుంది. టైరులో ఉండే గాలి 2 బార్ల చుట్టూ ఉంటుందని గుర్తుంచుకుంటే, ఆ సన్నని పలకల మీద ఎంత భారం పడుతుందో, ఆయిల్‌లో చిన్న ఇనప రజను ఉన్నా ఎందుకు గీతలు పడతాయో అర్థమవుతుంది.

ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజినీర్ 1920ల్లో హైడ్రాలిక్ స్టీరింగ్‌ని కారులో పెట్టి చూపించాడు, 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో అది అమ్మకానికి వచ్చింది. అప్పటి నుంచి మూల సూత్రం పెద్దగా మారలేదు, కాబట్టి మీ కారు ఏ కంపెనీదైనా కింద చెప్పిన తర్కం పనిచేస్తుంది. బోల్టులు ఎక్కడున్నాయి, ఎంత బిగించాలి అన్నవి మాత్రం మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోవాలి.

స్టీరింగ్ బరువెక్కింది. పంప్ పోయినట్టేనా?

తొందరపడకండి. స్టీరింగ్ బరువెక్కడానికి పంప్ ఒక కారణం మాత్రమే, పైగా ఖరీదైన కారణం. చవకైనవి ముందు చూడాలి. ముందు టైర్లలో గాలి తగ్గిందా? డబ్బాలో ఆయిల్ ఉందా? బెల్టు వదులై జారుతోందా, దాని మీద ఆయిల్ పడిందా? ఈ మూడూ డబ్బు ఖర్చు లేకుండా కొద్ది నిమిషాల్లో తేలిపోతాయి.

తర్వాత ముందు చక్రాలు రెండూ నేల మీద నుంచి లేపి, స్టాండ్ల మీద పెట్టి, ఇంజిన్ ఆపేసి స్టీరింగ్ తిప్పి చూడండి. గాల్లో ఉన్న చక్రాలతో కూడా బిగుసుకుపోయినట్టు, లేదా ఒకచోట తేలిగ్గా ఇంకోచోట గట్టిగా తిరుగుతుంటే లోపం ఆయిల్ వైపు కాదు, ఇనుము వైపు ఉంది. బాల్ జాయింట్లు ఎండిపోయి ఉండొచ్చు, స్టీరింగ్ రాడ్ మీది యూనివర్సల్ జాయింట్ తుప్పు పట్టి ఉండొచ్చు. పాత కార్లలో ఈ జాయింట్ తుప్పు చాలా మామూలు, దీన్ని చూడకుండా పంప్ మార్చి డబ్బు పోగొట్టుకునేవాళ్ళు ఎక్కువ.

ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు బరువుగా ఉండి, కాస్త రేస్ ఇవ్వగానే తేలికైతే అనుమానం పంప్ మీదికో జారే బెల్టు మీదికో వెళ్తుంది. కుడివైపు తేలిగ్గా తిరుగుతూ ఎడమవైపు మాత్రం బరువుగా ఉంటే (లేదా తిరగేసి) పంప్‌ని దాదాపు వదిలేయొచ్చు, ఎందుకంటే పంప్‌కి కుడి ఎడమ తేడా తెలియదు, అది రాక్ వాల్వ్ లేదా రాక్ సీళ్ళ సంగతి.

శబ్దాన్ని బట్టి ఏం చెప్పొచ్చు?

చాలానే చెప్పొచ్చు. ఇంజిన్ వేగంతో పాటు పెరుగుతూ తగ్గుతూ, స్టీరింగ్ తిప్పినప్పుడు మరీ ఎక్కువయ్యే సన్నని ఊళ లాంటి మోత ఉంటే ఆయిల్ తగ్గిందో, ఆయిల్‌లో గాలి కలిసిందో, పంప్ అరిగిందో. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు కీచుమని అరిస్తే అది బెల్టు. తిప్పినా తిప్పకపోయినా ఒకేలా గరగరమంటుంటే పంప్ బేరింగ్ కావచ్చు, కానీ అదే బెల్టు మీద బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్, బెల్టుకి దారి చూపే ఐడ్లర్ పుల్లీ కూడా ఉండొచ్చు కాబట్టి బెల్టు తీసి ఒక్కొక్క పుల్లీని చేత్తో తిప్పి చూస్తే తేలుతుంది. ఫుల్ లాక్‌లో ఒక్క క్షణం బుస్సుమనే శబ్దం రావడం మామూలే, అది ఎక్కువైన ఒత్తిడిని రిలీఫ్ వాల్వ్ వదిలే చప్పుడు.

డబ్బాలో ఆయిల్ నురగలా, పాల రంగులో ఉంది. ఏమిటది?

గాలి. పంప్ ఎక్కడి నుంచో ఆయిల్‌తో పాటు గాలి పీలుస్తోంది. ఇక్కడ చాలామంది తికమకపడేది ఏమిటంటే, కింద ఒక్క చుక్క లీకేజీ లేదు కదా గాలి ఎలా వెళ్తుంది అని. డబ్బా నుంచి పంప్‌కి వచ్చే పైపులో ఒత్తిడి ఉండదు, పీల్పు ఉంటుంది. చిల్లు పడిన స్ట్రాతో తాగితే రసం బయటికి కారదు, గాలి మాత్రం లోపలికి వస్తుంది, ఇదీ అంతే. ఆ పైపు క్లిప్పు వదులైనా, పంప్ నోటి దగ్గర ఓ-రింగ్ (ఆయిల్‌ని ఆపే రబ్బరు వలయం) గట్టిపడి చిట్లినా సరిపోతుంది. పంప్ ఆర్డర్ చేసే ముందు ఆ ఓ-రింగ్, ఆ క్లిప్పు మార్చి గాలి తీసి చూడండి. మోత పోతే పంప్ మిగిలినట్టే.

లీకేజీ ఎక్కడ ఉందో తెలియడం లేదు, అంతా ఆయిల్ మయంగా ఉంది.

ముందు మొత్తం డిగ్రీజర్‌తో కడిగి ఆరబెట్టండి. అప్పుడు ఇంజిన్ నడిపించి ఎవరినైనా స్టీరింగ్ తిప్పమని, మీరు టార్చ్‌తో పైనుంచి కిందికి చూడండి. తిరిగే బెల్టుకి చేతులు, బట్టలు దూరంగా ఉంచండి, ఒత్తిడి పైపు జాయింట్ల మీద వేళ్ళు పెట్టి తడమకండి. పుల్లీ వెనక నుంచి వస్తే పంప్ ముందు సీల్. పైపు మొదట్లో తడి ఉంటే ఓ-రింగో వాషరో. రాక్ రెండు చివర్ల రబ్బరు బూట్లు నొక్కితే లోపల ఆయిల్ కదిలినట్టుంటే రాక్ సీళ్ళు పోయాయి, కొత్త పంప్ వేసినా అది ఆగదు.

పంప్ పాడైన కారుని నడపొచ్చా?

స్టీరింగ్ పూర్తిగా పట్టేయదు, చక్రాలకీ స్టీరింగ్‌కీ మధ్య ఇనప సంబంధం ఉంటుంది కాబట్టి బండి తిరుగుతుంది. కానీ తక్కువ వేగంలో, పార్కింగ్‌లో చేతులు లాగేస్తాయి, హఠాత్తుగా తిప్పాల్సి వస్తే ఆ బలం అందరికీ ఉండదు. అంతకన్నా నాకు భయం వేసేది బెల్టు గురించి. చాలా కార్లలో అదే బెల్టు ఆల్టర్నేటర్‌ని, కొన్నింట్లో వాటర్ పంప్‌ని కూడా తిప్పుతుంది. పంప్ బిగుసుకుపోయి బెల్టు తెగితే చార్జింగ్ పోతుంది, వాటర్ పంప్ కూడా దాని మీదే ఉంటే ఇంజిన్ వేడెక్కిపోతుంది. ఇక ఆయిల్ కారి వేడి ఎగ్జాస్ట్ మీద పడుతుంటే పొగతో ఆగదు, అంటుకునే ప్రమాదం ఉంది. అలాంటి బండిని నడపొద్దు, లాక్కెళ్ళండి.

ఆయిల్ లేకుండా పంప్‌ని తిప్పడం కూడా వద్దు, అందులో ఆయిలే లూబ్రికేషన్.

లీకేజీ ఆపే మందు పోస్తే సరిపోదా?

అవి రబ్బరు సీళ్ళని మెత్తబరిచి ఉబ్బిస్తాయి, కొన్నాళ్ళు చుక్కలు తగ్గొచ్చు. అరిగిన పలకలని, పోయిన బేరింగ్‌ని ఏ మందూ బాగుచేయలేదు. నా సలహా, పంప్ మార్చాలని నిర్ణయించుకున్నాక ఆ మందు పోయకండి, ఎలాగూ తర్వాత దాన్ని కడగాల్సి వస్తుంది.

సీల్ కిట్ వేసుకోవచ్చా, పంపే మార్చాలా?

షాఫ్ట్ సీల్ ఒక్కటే కారుతూ, పంప్ నిశ్శబ్దంగా, ఒత్తిడి బాగా ఇస్తుంటే సీల్ కిట్ మంచి పనే. విప్పినప్పుడు షాఫ్ట్ మీద సీల్ కూర్చునే చోట వేలిగోరు పెడితే తగిలేంత గాడి పడి ఉంటే కొత్త సీల్ కూడా నిలవదు. ఆయిల్‌లో మెరిసే రజను కనిపిస్తే ఇక కిట్ మాట వదిలేయండి.

కొత్తది కొనాలా, రీకండిషన్ చేసిందా, పాత బండి నుంచి తీసిందా?

దొరికితే కొత్తదే. రీకండిషన్ చేసినవాటిలో మంచివీ ఉంటాయి, పైన రంగు వేసి లోపల సీళ్ళు మాత్రమే మార్చినవీ ఉంటాయి, చూసి తేడా పట్టడం కష్టం కాబట్టి వారంటీ రాతపూర్వకంగా ఇచ్చేచోటే కొనండి. పాత బండి నుంచి తీసినది మీ పంప్ కన్నా బాగుందన్న హామీ ఏమీ లేదు, మరీ అరుదైన కారైతే తప్ప దాని జోలికి వెళ్ళకపోవడం మేలు.

ఏది కొన్నా పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశాకే బిగించండి. బోల్టు రంధ్రాలు, పైపులు తగిలే చోట్లు, షాఫ్ట్ పొడవు, పంప్ మీద భారం పడిందని ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పే ప్రెషర్ స్విచ్‌కి రంధ్రం ఉందా లేదా, అన్నీ కలవాలి. ఒకే మోడల్‌లో ఇంజిన్ మారితే పంప్ మారిపోతుంది, కొన్నిసార్లు ఏసీ ఉన్న కారుకీ లేని కారుకీ కూడా మారుతుంది. పాత పంప్‌ని కొత్తది నడిచేదాకా ఇచ్చేయకండి, పుల్లీయో బ్రాకెట్టో దాని నుంచి తీసుకోవాల్సి రావచ్చు.

ఏ ఆయిల్ పోయాలి? అన్నీ ఒకటేనా?

ఒకటి కాదు, ఇక్కడ పొరపాటు చేస్తే కొత్త పంప్, పాత రాక్ రెండూ పోతాయి. చాలా పాత కార్లు డెక్స్రాన్ రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌నే వాడతాయి. కొన్ని కంపెనీలు, హోండా లాంటివి, తమ సొంత స్టీరింగ్ ఆయిల్ మాత్రమే పోయమంటాయి. చాలా జర్మన్ కార్లలో సీహెచ్ఎఫ్ 11ఎస్ రకం సింథటిక్ హైడ్రాలిక్ ఆయిల్ ఉంటుంది. డబ్బా మూత మీద, ఓనర్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది, అదే చివరి మాట.

రంగు చూసి నిర్ణయించకండి. ఎరుపు అంతా ఒకటి కాదు, ఆకుపచ్చ అంతా ఒకటి కాదు, రంగు కేవలం కలిపిన రంగు, ప్రమాణం కాదు. పైగా పాత కారులో ముందటి ఓనర్ ఏది పోశాడో ఎవరికి తెలుసు. అందుకే పాత దాని మీద కొత్తది కలపడం కాకుండా మొత్తం మార్చడమే మంచిదంటాను. ‘అన్ని కార్లకీ సరిపోతుంది’ అని రాసిన సీసాలని నేను నమ్మను, మీ కారుకి చెప్పిన ప్రమాణం సీసా మీద స్పష్టంగా ఉంటేనే తీసుకోండి. బ్రేక్ ఆయిల్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోయొద్దు, ఈ సీళ్ళ రబ్బరు దానికి తట్టుకోలేక ఉబ్బి పాడైపోతుంది.

ఏ పనిముట్లు ఉండాలి?

మామూలు సాకెట్లు, స్పానర్లు, జాకీ, రెండు గట్టి స్టాండ్లు, ఆయిల్ పట్టడానికి వెడల్పాటి తొట్టి, పీల్చే సిరంజి. వీటితో పాటు రెండు ప్రత్యేకమైనవి. ఒకటి, గొట్టం నట్టు చుట్టూ పట్టుకునే లైన్ స్పానర్, మామూలు ఓపెన్ స్పానర్‌తో ఏళ్ళనాటి నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. రెండోది, పుల్లీ లాగే, ఎక్కించే సెట్. పుల్లీ బోల్టుతో ఉండే కార్లకి ఈ రెండోది అక్కర్లేదు.

పైపులకి కొత్త ఓ-రింగులు, వాషర్లు, క్లిప్పులు ముందే తెచ్చి పెట్టుకోండి. బెల్టు పాతదైతే అదీ.

విప్పే వరుస ఎలా?

ఇంజిన్ చల్లారాక మొదలుపెట్టండి. వెనక చక్రాలకి అడ్డాలు పెట్టి, బ్యాటరీ నెగటివ్ తీసి, ముందు లేపి స్టాండ్ల మీద కూర్చోబెట్టండి, జాకీ మీదే నమ్మకం పెట్టుకుని కిందికి దూరకండి. బెల్టు తీసే ముందు అది ఏ పుల్లీ మీదుగా ఎలా తిరిగిందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

పుల్లీ బోల్టులతో ఉంటే, వాటిని బెల్టు ఇంకా బిగుతుగా ఉన్నప్పుడే వదులు చేయండి, బెల్టు పుల్లీని పట్టి ఉంచుతుంది, తీసేశాక అది తిరిగిపోతూ చిరాకు పెడుతుంది. తర్వాత బెల్టు తీసి, సిరంజితో డబ్బాలోని ఆయిల్ లాగేసి, కింద తొట్టి పెట్టి పీల్చే పైపు ఊడదీయండి. ఆల్టర్నేటర్ కింద ఉంటే దాని మీద ప్లాస్టిక్ కవరు కప్పండి, ఆయిల్ కారితే అది పాడైపోవచ్చు. ఏళ్ళ తరబడి అతుక్కున్న రబ్బరు పైపుని లాగితే చిరుగుతుంది, కాస్త మెలితిప్పి వదులు చేసి తీయండి.

ఒత్తిడి గొట్టం నట్టు రాకపోతే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఆగండి. బలవంతం చేస్తే నట్టుతో పాటు గొట్టం మెలిపడుతుంది, అప్పుడు గొట్టం కూడా కొనాలి. కొన్ని కార్లలో ఈ నట్టు పంప్ బ్రాకెట్‌లో ఉండగానే వదులు చేయడం తేలిక, కొన్నింట్లో పంప్ బోల్టులు తీసి పక్కకి వంచితేగానీ స్పానర్ పట్టదు. స్విచ్ కనెక్టర్ ఉంటే దాన్ని లాక్ నొక్కి తీయండి. ఊడిన పైపుల నోళ్ళు వెంటనే శుభ్రమైన గుడ్డతోనో మూతతోనో మూసేయండి, దుమ్ము లోపలికి వెళ్తే తిన్నగా వెళ్ళేది రాక్ వాల్వ్‌లోకే.

పుల్లీ రావడం లేదు. సుత్తితో కొట్టొచ్చా?

వద్దు. నొక్కి ఎక్కించిన పుల్లీకి ముందు ఒక మెడ, దానికి గాడి ఉంటాయి, పుల్లర్ ఆ గాడిని పట్టుకుని లాగుతుంది. అంచులు పట్టుకుని లాగే మామూలు పుల్లర్‌తో రేకు పుల్లీ వంగిపోతుంది, వంగిన పుల్లీ బెల్టుని తినేస్తుంది. తీసే ముందు షాఫ్ట్ చివరకీ పుల్లీ ముఖానికీ ఎంత తేడా ఉందో కొలిచి రాసుకోండి.

ఎక్కించేటప్పుడు సుత్తి ఇంకా ప్రమాదం. ఆ దెబ్బ షాఫ్ట్ మీదుగా నేరుగా లోపలి రోటర్‌కీ, బేరింగ్‌కీ తగులుతుంది, కొత్త పంప్ మొదటి నిమిషం నుంచే గరగరమంటుంది, వారంటీ కూడా ఎవరూ ఇవ్వరు. షాఫ్ట్ మధ్యలో ఉన్న మరల్లోకి ఎక్కించే పనిముట్టు స్క్రూని పూర్తిగా లోపలికి తిప్పి, దాని నట్టుతో మెల్లగా నొక్కండి. చాలా పంపుల్లో పుల్లీ ముఖం షాఫ్ట్ చివరతో సమానంగా వచ్చాక ఆపాలి, కానీ మీరు కొలిచి రాసుకున్నదే నమ్మండి. ఈ సెట్ కొనలేకపోతే పుల్లీనీ పంప్‌నీ ఏదైనా వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే నిమిషాల్లో చేసిస్తారు.

ఆయిల్ డబ్బా, పైపులు కడగడం నిజంగా అవసరమా?

ఈ పేజీలో ఒకే ఒక జవాబు చదువుతానంటే ఇది చదవమంటాను. పాత పంప్ అరిగినప్పుడు ఆ అరిగిన ఇనుము ఎక్కడికీ పోలేదు, ఆయిల్‌లో, పైపుల్లో, డబ్బా అడుగున ఉన్న సన్నని జల్లెడలో ఉంది. చాలా కార్లలో ఆ జల్లెడ బయటికి రాదు, పైనుంచి చూస్తే కనబడదు కూడా. అది మూసుకుపోతే కొత్త పంప్‌కి చాలినంత ఆయిల్ అందదు, అది మోగుతుంది, వేడెక్కుతుంది, కొద్దికాలానికే అరుగుతుంది. అప్పుడు అందరూ కొత్త పంప్ నాసిరకమని తిడతారు.

డబ్బా విడిగా ఉంటే తీసి శుభ్రమైన ఆయిల్‌తోనో బ్రేక్ క్లీనర్‌తోనో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. వెలుతురుకి పెట్టి చూసినా జల్లెడ మసకగానే ఉంటే కొత్త డబ్బా కొనండి, పంప్ ఖరీదుతో పోలిస్తే అది చిన్న ఖర్చు.

పైపులూ రాకూ కడగడానికి, కొత్త పంప్ బిగించాక, డబ్బాలోకి తిరిగొచ్చే రిటర్న్ పైపు తీసి ఒక సీసాలోకి వంచండి, డబ్బాకి ఉన్న ఆ గొట్టం నోటిని మూసేయండి. ముందు చక్రాలు గాల్లో ఉండాలి, ఇంజిన్ ఆగి ఉండాలి. డబ్బా నిండా కొత్త ఆయిల్ పోసి, ఒకరు స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా తిప్పుతుంటే ఇంకొకరు డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండాలి. సీసాలోకి ముందు నల్లగా, తర్వాత కాఫీ రంగులో, చివరికి కొత్త ఆయిల్ రంగులోనే వస్తుంది. అప్పుడు ఆపి రిటర్న్ పైపు తగిలించండి. ఆయిల్ మిగుల్చుకోవాలని మధ్యలో ఆపకండి.

కొత్త పంప్ బిగించేటప్పుడు ఏం గమనించాలి?

బిగించే ముందే పంప్‌లో పీల్చే వైపు నుంచి కొత్త ఆయిల్ పోసి, షాఫ్ట్‌ని అది తిరిగే దిశలోనే చేత్తో కొన్ని చుట్లు తిప్పండి. లోపలి పలకలు తడిసి ఉంటే మొదటి క్షణాలు పొడిగా రాసుకోవు.

అన్ని బోల్టులూ, గొట్టం నట్టూ ముందు వేళ్ళతోనే ఎక్కించండి. పంప్ ఒళ్ళు చాలావాటిలో అల్యూమినియం, మర అడ్డంగా ఎక్కితే అంతే సంగతులు. పాత ఓ-రింగు, పాత రాగి వాషర్ మళ్ళీ వాడొద్దు. టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, అక్కడ ఆయిల్‌ని ఆపేది మర కాదు, ఓ-రింగు. టేపు ముక్క తెగి లోపలికి వెళ్తే వాల్వ్‌లో ఇరుక్కుంటుంది. ఓ-రింగు ఉన్న కొన్ని జాయింట్లలో నట్టు సరిగ్గా బిగించినా గొట్టం కాస్త అటూ ఇటూ తిరుగుతుంది, అది మామూలే, ఇంకా బిగించి మర పోగొట్టకండి. గొట్టం బాడీకి ఆనకుండా, దాని క్లాంపులు పాత చోటే ఉండేలా చూడండి.

బెల్టు ఎంత టెన్షన్‌లో ఉండాలి?

స్ప్రింగ్ టెన్షనర్ ఉంటే అదే చూసుకుంటుంది. చేత్తో బిగించే రకమైతే మాన్యువల్‌లో చెప్పినంతే. వదులైతే జారి కీచుమంటుంది, అతిగా బిగిస్తే కొత్త పంప్ బేరింగే ముందు పోతుంది. ఆయిల్ తాగిన బెల్టుని తుడిచి వాడొద్దు, రబ్బరు ఉబ్బి త్వరలోనే ఊడిపోతుంది. బెల్టు అన్ని పుల్లీల మీదా ఒకే వరుసలో ఉందో లేదో పక్కనుంచి చూడండి, తేడా ఉంటే పుల్లీ లోతు సరిగ్గా లేదని అర్థం.

గాలి ఎలా తీయాలి?

నిదానంగా. వెంటనే స్టార్ట్ చేయడమే అందరూ చేసే పని, అదే చేయకూడని పని. ఇంజిన్ తిరగగానే పంప్ ఆ గాలిని చిలికి సన్నని బుడగలుగా మార్చేస్తుంది, అవి తర్వాత ఎంతకీ బయటికి రావు.

ముందు చక్రాలు గాల్లోనే ఉంచి, తాళం తిప్పి స్టీరింగ్ లాక్ వదిలించి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా ఇరవై సార్లయినా తిప్పండి. మధ్యమధ్య డబ్బా చూడండి, బుడగలు పైకి వస్తాయి, మట్టం దిగుతుంది, మళ్ళీ పోయండి. బుడగలు ఆగాయనిపించాక కాసేపు వదిలేసి ఇంకోసారి తిప్పండి. ఆ తర్వాత బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసి, ఐడ్లింగ్‌లోనే, రేస్ ఇవ్వకుండా తిప్పండి. ఫుల్ లాక్ దగ్గర ఐదు సెకన్లకి మించి పట్టి ఉంచకండి, అక్కడ ఆయిల్ పంప్‌లోనే తిరుగుతూ విపరీతంగా వేడెక్కుతుంది.

ఆయిల్ నురగ కడితే ఇంజిన్ ఆపేసి అరగంటో గంటో వదిలేయండి. ఈ వేచి ఉండటానికి షార్ట్‌కట్ లేదు. అయినా గాలి మొండికేస్తే డబ్బా మూతి మీద రబ్బరు బిరడా పెట్టి చేతి వాక్యూమ్ పంప్‌తో గాలి లాగే పద్ధతి ఉంది, కొన్ని కార్ల మాన్యువల్స్‌లో అదే అసలు పద్ధతి.

కొత్త పంప్ కూడా మోగుతోంది. మోసపోయానా?

చాలావరకు కాదు. ఒక రోజు ఆగి గాలి మళ్ళీ తీయండి. తగ్గకపోతే పీల్చే పైపు ఓ-రింగు, క్లిప్పు చూడండి, ఆ పైపు మెలిపడిందేమో, పాతదై లోపల పొర ఊడి అణిగిపోతోందేమో చూడండి. తర్వాత డబ్బా జల్లెడ. ఆ తర్వాత ఆయిల్ రకం. ఒత్తిడి గొట్టం ఇనుముకి ఆని ఉంటే ఆ అదురు క్యాబిన్‌లోకి మోతలా వినిపిస్తుంది, అదీ చూడండి. ఇవన్నీ దాటాక కూడా మోగితే అప్పుడు పంప్‌ని వెనక్కి పంపండి.

పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పగానే ఇంజిన్ ఆగిపోతోంది.

పంప్ మీద భారం పడినప్పుడు ఐడ్లింగ్ కాస్త పెంచమని ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పేది ఆ ప్రెషర్ స్విచ్చే. కనెక్టర్ తగిలించడం మర్చిపోయారేమో ముందు చూడండి. అది సరిగ్గా ఉంటే ఐడ్లింగ్ వాల్వ్, థ్రాటిల్ శుభ్రత చూడాలి.

తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించాలా?

పంప్ మార్చినంత మాత్రాన అక్కర్లేదు. రాక్ విప్పితేనో రాక్‌ని చక్రానికి కలిపే టై రాడ్ కదిలిస్తేనో చేయించాలి.

తీసిన పాత ఆయిల్ ఏం చేయాలి?

మూత ఉన్న డబ్బాలో పోసి, వాడేసిన ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి. కాలవలో, మట్టిలో పోయకండి, నేల మీద పడినదాన్ని రంపపు పొట్టుతోనో ఇసుకతోనో ఎత్తేయండి, టైరు కింద పడితే జారుతుంది.

పని అయ్యాక మళ్ళీ ఎప్పుడు చూసుకోవాలి?

మొదటిసారి నడిపి వచ్చిన వెంటనే, మర్నాడు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఆ తర్వాత ఓ వారానికి. డబ్బా మీద వేడికీ చల్లదనానికీ వేర్వేరు గీతలుంటాయి, చల్లటి ఆయిల్‌ని వేడి గీత దాకా నింపితే వేడెక్కాక పొంగి బయటికి వస్తుంది, జనం దాన్ని లీకేజీ అనుకుంటారు. ఆయిల్ వారంలోనే మళ్ళీ నల్లబడితే రాక్‌లో ఇంకా మురికి మిగిలి ఉందన్నమాట, డబ్బాలో ఉన్నంత సిరంజితో లాగి కొత్తది పోయండి, కొద్దిరోజులు నడిపి మళ్ళీ అలాగే చేయండి, రంగు నిలిచేదాకా.